పక్కనుంచి వచ్చేవి

ఆ గౌను చంక దగ్గర పాడైంది. కుట్టే ఆవిడ చెయ్యి తిరిగిన మనిషి, కత్తెరకీ పదునుంది. కంప్యూటర్‌లో కటింగ్ నమూనా తెరిచి, చంక గుండ్రం కొలత చూసుకుంటూ ఉండగా, పక్కనుంచి ఒక ప్రకటన జారుకుంటూ వచ్చి సరిగ్గా ఆ అంకె మీద కూర్చుంది. తెల్లకోటు తొడుక్కున్న మనిషి ఒక చిన్న సీసా చూపిస్తూ నవ్వుతున్నాడు. దాన్ని మూయబోయి ఆమె ఇంకేదో నొక్కింది. మరో పేజీ తెరుచుకుంది. అందులోంచి ఎవరో గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టారు. అదంతా వదిలించుకుని వెనక్కి వచ్చేసరికి చూపు ఒక వరుస పైకి జరిగి, పక్క సైజు కొలత పట్టుకుంది. కత్తిరించాక గాని తెలియలేదు.

కచేరీలో పాడబోయే ఒక అమ్మాయి గౌను అది. ఆ రంగు గుడ్డ మళ్ళీ దొరకలేదు. చంక కింద ముక్క అతికి, అతుకు కనబడకుండా చెయ్యాలని ఆమె శతవిధాలా ప్రయత్నించింది. ఆ పిల్ల తల్లి ఏమీ అనకుండా తీసుకుని వెళ్ళింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఆ సాయంత్రమే తమ్ముడికి ఫోన్ చేసింది. "నువ్వు వచ్చి ఈ ప్రకటనల పీడ వదిలిస్తావా, లేకపోతే ఈ పెట్టెను కిటికీలోంచి పారెయ్యమంటావా?"

తమ్ముడిని ఇంట్లో అందరూ తక్కెడ అంటారు. రెండు వస్తువులు పక్కపక్కన పెట్టి తూచందే ఏదీ కొనడు. ఒకసారి దువ్వెన కొంటానని వెళ్ళి ఉత్తచేతులతో తిరిగొచ్చాడు. రెండూ సమానంగా ఉన్నాయట. ఆఫీసుల్లో నెట్ తీగలు లాగడం, రౌటర్లు బిగించడం అతని ఉద్యోగం.

సెలవు రోజు పొద్దున్నే వచ్చాడు. బావ బస్సు డ్యూటీలో ఉన్నాడు. అత్తగారు పక్కగదిలో ఫోన్‌లో సీరియల్ చూస్తోంది. కుట్టుమిషన్ పక్కనున్న బల్ల ముందు తక్కెడ తీరిగ్గా కూర్చున్నాడు.

"చూడక్కా, దారులు మూడున్నాయి. మొదటిది బ్రౌజర్‌కి తగిలించే ఎక్స్‌టెన్షన్. పేజీ లోపలికి వస్తుంటే గుమ్మంలో నిలబడి, ఇది ప్రకటన అనిపిస్తే అక్కడే ఆపేస్తుంది. ఖాళీ కూడా కనబడదు, పేజీ సర్దుకుంటుంది."

"ఇంకేం మరి, అది పెట్టెయ్."

"తొందరపడకు. అది ఆ ఒక్క బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది. బావ ఇంకో బ్రౌజర్ తెరిచాడనుకో, మళ్ళీ మొదటికే. పైగా కొన్ని సైట్లు కనిపెట్టేస్తాయి." పెట్టి చూపించాడు. ఆమె రోజూ చూసే నమూనాల సైటు మీద బూడిదరంగు తెర దిగింది. ప్రకటనలు ఆపడం మానితేనే లోపలికి రావచ్చని రాసి ఉంది.

"అదేం దౌర్జన్యం రా?"

"దౌర్జన్యమేముంది? నమూనాలు నీకు ఊరికే ఇస్తున్నారు. వాళ్ళ పొట్ట గడిచేది ప్రకటనలతోనే. ఈ ఒక్క సైటుకి మినహాయింపు ఇవ్వొచ్చు. ఎక్స్‌టెన్షన్‌లో ఆ సుఖం ఉంది, దేన్ని రానివ్వాలో నువ్వే చెప్పొచ్చు."

రెండో దారి కంప్యూటర్ లోపలే ఉండే ఒక ఫైలు. ప్రకటనలు పంపే సైట్ల పేర్లన్నీ అందులో రాసిపెడితే కంప్యూటర్ వాటి జోలికి పోదు. ఏ బ్రౌజర్ తెరిచినా ఒకటే. తక్కెడ చాంతాడంత పేర్ల జాబితా ఒకటి తెచ్చి అందులో అతికించాడు. వార్తల పేజీ తెరిస్తే ప్రకటనలు లేవు కాని, అవి ఉండాల్సిన చోట తెల్లటి గుంటలు మిగిలాయి.

"పళ్ళూడిన నోరులా ఉంది" అంది ఆమె.

"మోటు పద్ధతి. కొత్త పేర్లు పుడుతూనే ఉంటాయి, మనం రాస్తూనే ఉండాలి. ఇక మూడోది రౌటర్‌లో పెట్టేది. వీధిగుమ్మం దగ్గరే కాపలా అన్నమాట. కంప్యూటర్, నీ ఫోన్, బావ ఫోన్, పెద్దావిడ ఫోన్ అన్నిటికీ కలిపి ఒకటే."

తూచడం మొదలుపెట్టాక అతను మధ్యలో ఆపే మనిషి కాడు. అన్నీ తీసేసి, మొదటి స్థితికి తెచ్చి, ఒకే వార్తల పేజీని రెండు బ్రౌజర్లలో పక్కపక్కన తెరిచాడు. ఏ పద్ధతిలో ఎన్ని ప్రకటనలు తగ్గుతాయో చూడాలని. చూస్తూ చూస్తూ మాట ఆపేశాడు.

"అక్కా, ఇంట్లో కళ్ళ జబ్బు ఎవరికి?"

"ఎవరికీ లేదే. ఏం?"

"ఇవి చూడు."

ఎడమ పక్క తెల్లకోటు మనిషి, అతని సీసా. కుడి పక్క ఒక కంటి ఆసుపత్రి. కింద, పోయిన చూపును ఆపరేషన్ లేకుండానే తిరిగి తెప్పిస్తామనే మాట పెద్ద అక్షరాల్లో. రెండో బ్రౌజర్‌లోనూ అవే.

"ప్రకటనలు ఊరికే రావక్కా. ఒకే రకానివి ఇన్ని వస్తున్నాయంటే ఎవరో ఇక్కడ కూర్చుని వాటి గురించి వెతుకుతున్నారు."

పక్కగదిలో సీరియల్ మాటలు ఆగిపోయాయి. కుట్టే ఆవిడ వెనక్కి తిరిగి చూస్తే గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. తెర వైపు చూసింది, కోడలి వైపు చూసింది, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. భర్త ఈమధ్య భోజనాల బల్ల అంచున ఉన్న గ్లాసును మోచేత్తో పడేస్తున్నాడు. పక్కనుంచి పలకరిస్తే ఉలిక్కిపడుతున్నాడు. దేన్నైనా చూడాలంటే కోడిలా మెడ మొత్తం తిప్పుతున్నాడు. మెడ పట్టేసిందేమో అనుకుని తనే నూనె రాసింది.

"నేనే వెతికాను రా. సూదిలో దారం ఎక్కడం లేదు" అంది.

తక్కెడ నమ్మాడు. నమ్మి, ఎక్స్‌టెన్షనే మంచిదని తేల్చాడు.

"కాదు. రౌటర్‌ది పెట్టు. ఇల్లంతటికీ."

"దానిలో చిక్కుందక్కా. ఏదైనా పనిచెయ్యకపోతే ఎందుకో ఎవరికీ అర్థం కాదు. ఏం ఆగిందో తెలియదు, అసలు ఆగినట్టే తెలియదు."

"ఫరవాలేదు. పెట్టు."

"ఇంకో మాట. పక్కనుంచి వచ్చేవాటినే ఇది ఆపుతుంది. మనంతట మనం వెతుక్కుంటూ వెళితే ఆపదు."

ఆమె తల ఊపింది. ఆ మాట అప్పుడు చెవిన పడింది గాని లోపలికి దిగలేదు.

తక్కెడ వెళ్ళాక పేజీలు శుభ్రమయ్యాయి. నమూనా మీద ఏదీ వచ్చి కూర్చోవడం లేదు. కళ్ళ గురించి ఇంట్లో ఎక్కడా ఏమీ కనబడటం లేదు. ఆమెకి నిజంగానే ఇల్లు ఊడ్చినంత హాయిగా అనిపించింది. ఆయన్ని అడగాలని ప్రతి పూటా అనుకుంది. అడిగితే, ఆయన అవునంటే, ఆ తర్వాత మాట ఏమిటి? ఆయనకి ఆ బస్సు తప్ప వేరే పని రాదు. ఆ పని చేస్తున్నప్పుడు తప్ప ఆయన ముఖంలో గర్వం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఏ మలుపులో ఏ గుంత ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలనని చుట్టాల దగ్గర అంటూ ఉండేవాడు. ఈమధ్య ఆ మాట అనడం మానేశాడు.

ఫిర్యాదు చేసింది అత్తగారొక్కతే. ఆమె సీరియల్ మొదట్లో ప్రకటన రావాలట, అది వస్తేగాని కథ రాదట. ఇప్పుడు గుండ్రంగా ఏదో తిరుగుతూనే ఉంటోంది. "ఆ కోడలు విషం తాగిందో లేదో నాకు తెలియాలి. నీ తమ్ముడితో చెప్పి సరిచేయించు" అంది. తక్కెడ ఫోన్‌లోనే ఏదో చెప్పి దాన్ని ఒక్కదాన్ని సరిచేయించాడు.

డ్రైవర్ కూడా గమనించాడు. డ్యూటీ దిగి వచ్చి, కాసేపు కంప్యూటర్ ముందు కూర్చుని, "ఏమిటిది, ఇంత బోసిగా ఉంది?" అన్నాడు.

"తక్కెడ ప్రకటనలు రాకుండా చేశాడు. నా పనికి అడ్డం వస్తున్నాయని."

ఆయన తెర మీద ఖాళీగా ఉన్న పక్కల వైపు మెడ తిప్పి తిప్పి చూశాడు.

కొన్నాళ్ళకి ఆయన యూనిఫాం ఉతకబోతే జేబులో చిన్న సీసా దొరికింది. తెల్లకోటు మనిషి చూపించిన సీసానే. సగం ఖాళీ అయింది. తయారుచేసినవాళ్ళ ఊరూ పేరూ దాని మీద ఎక్కడా లేవు. ప్రకటన రాకపోతే ఇవి కొనడనుకుంది. ఆయన మందు పేరు గుర్తుపెట్టుకుని, తనంతట తనే వెతుక్కుని, ఇంట్లో తెలియకుండా డిపో చిరునామాకి తెప్పించుకుంటున్నాడన్నమాట. సీసాని మళ్ళీ జేబులోనే పెట్టి, ఆ చొక్కాను ఉతకకుండా తగిలించేసింది. ఎందుకలా చేసిందో ఆమెకే తెలియలేదు.

అత్తగారు ఆ చొక్కాను చూసింది. మధ్యాహ్నం మిషన్ పక్కన పీట లాక్కుని కూర్చుని, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు చెప్పింది.

"మీ మామగారు కూడా ఇలాగే మెడ తిప్పి చూసేవారు. నేను నవ్వేదాన్ని, ఎవరినండీ వెతుకుతున్నారు అని. తర్వాత గోడ పట్టుకుని నడిచారు. చివరికి తలుపు గడియ కూడా తడుముకోవాల్సి వచ్చింది."

"ఇది మీకు ఎప్పుడు తెలిసిందత్తయ్యా?"

"గ్లాసులు పగలడం మొదలైనప్పుడు."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెప్పావా?" అంది అత్తగారు. ఆ గొంతులో కోపం లేదు.

మిషన్ అలాగే వదిలేసి కుట్టే ఆవిడ బయటికి వచ్చింది. సాయంత్రం ఆయన బస్సు బట్టల మార్కెట్ స్టాపుకి వస్తుందని తెలుసు. ఎక్కి చూడాలి, అంతే. చూసి, ఫరవాలేదనిపిస్తే ఇంటికి పోవచ్చు. ఆ ఆశ ఒకటి ఇంకా మిగిలి ఉంది.

బస్సు వచ్చింది. ముందు తలుపు నుంచి, ఆయనకి చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా ఎక్కింది. ఆయన ఎదుటి రోడ్డు వైపు చూస్తూ, అందరికీ చెప్పినట్టే "లోపలికి జరగండి" అన్నాడు. ఇన్నేళ్ళ భార్యని, పక్కనుంచి వెళుతుంటే, ఆయన చూడలేదు.

ఆమె ఆయన వెనకే కమ్మీ పట్టుకుని నిలబడింది. పొద్దు వాలుతోంది. ఆయన బస్సును నెమ్మదిగా, పొందిగ్గా నడుపుతున్నాడు. ప్రతి స్టాపు దగ్గరా అంగుళం తేడా లేకుండా ఆపుతున్నాడు. అది చూస్తుంటే ఆమె గుండె కొంచెం కుదుటపడింది. అప్పుడు, పార్కు గోడ పక్కనుంచి ఒక స్త్రీ బిడ్డను కూర్చోబెట్టిన చిన్న బండిని తోసుకుంటూ రోడ్డులోకి దిగింది. బస్సులో ముందున్నవాళ్ళందరూ చూశారు. ఆమె కూడా చూసింది. ఆయన కాలు కదలలేదు.

"ఆపండి" అని అరిచింది.

ఆ గొంతు ఆయనకి తెలుసు. బ్రేకు గట్టిగా తొక్కాడు. బస్సు ఊగి ఆగింది. బిడ్డ బండికీ బస్సు ముక్కుకీ మధ్య ఒక మనిషి నిలబడేంత చోటే మిగిలింది. ఆ స్త్రీ బండిని వెనక్కి లాక్కుని అక్కడే కూలబడిపోయింది. బస్సులో నిలబడ్డవాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. కొంచెం వయసు మళ్ళిన ఒకాయన మణికట్టు కమ్మీకీ సీటుకీ మధ్య ఇరుక్కుని విరిగింది. ఆయన పెద్దగా మూలగలేదు. వేలాడిపోతున్న చేతిని ఇంకో చేత్తో పట్టుకుని, "నేను రొట్టెలు చేసేవాణ్ణి" అని మాత్రం రెండుసార్లు అన్నాడు.

డ్రైవర్ స్టీరింగు మీంచి చేతులు తియ్యకుండా కూర్చున్నాడు. వెనక్కి తిరగలేదు.

ప్రయాణికులు బండి తోసుకొచ్చిన స్త్రీనే తిట్టారు. డిపో నుంచి వచ్చిన మేనేజరు కూడా అదే అన్నాడు. "మీరు కాబట్టి ఆపగలిగారు. ఆవిడ చూసుకోకుండా దిగిందని రాసేద్దాం. వెళ్ళి విశ్రాంతి తీసుకోండి."

డ్రైవర్ అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఇద్దరూ ఇంటికి వచ్చారు. గదిలోకి వచ్చి తలుపు వేశాక ఆయన అడిగాడు.

"నీకు ఎప్పటినుంచి తెలుసు?"

"తక్కెడ వచ్చిన రోజు నుంచి. తెర నిండా కళ్ళే ఉన్నాయి."

"అందుకని మూయించేశావా?"

"మీరు ఆ చుక్కలు కొనకుండా ఉంటారనుకున్నాను."

"కొనకుండా ఉండమని నాతో చెప్పొచ్చుగా."

"మీరు నాతో చెప్పొచ్చుగా, కనబడటం లేదని."

ఆయన మంచం మీద కూర్చున్నాడు. "చెప్తే ఏమవుతుంది? నువ్వు డాక్టరు అంటావు. డాక్టరు డిపోకి రాయమంటాడు. డిపో ఇంట్లో కూర్చోమంటుంది. ఆ సీసా ఒక్కటే, నువ్వు బాగుపడతావు అంది. మిగతావన్నీ మా నాన్న కథే చెప్పాయి."

"ఆ బిడ్డ బండి..."

"చూడలేదు" అన్నాడు. "నువ్వు అరిచాక కూడా చూడలేదు. నీ గొంతుకి ఆపాను."

ఆ మాట అన్నాక ఆయన ఏడ్చాడు. ఆమె పక్కన కూర్చుంది గాని చెయ్యి వెయ్యలేకపోయింది. ఆ బండిలో బిడ్డ ముఖం ఆమె చూసింది. తను నోరు విప్పని రోజులన్నీ ఆ బిడ్డ ఆ రోడ్డు దాటుతూనే ఉండి ఉంటుంది.

మర్నాడు ఇద్దరూ కంటి ఆసుపత్రికి వెళ్ళారు. చీకటి గదిలో ఆయన గడ్డాన్ని ఒక గిన్నెలాంటి యంత్రంలో ఆనించి కూర్చోబెట్టారు. లోపల ఎక్కడెక్కడో వెలుగు చుక్కలు పుడతాయట, కనబడినప్పుడల్లా చేతిలో బొత్తాం నొక్కాలట. ఆమె వెనక బల్ల మీద కూర్చుంది. లోపలి చుక్కలు ఆమెకి కనబడవు, బొత్తాం చప్పుడు మాత్రం వినబడుతుంది. టిక్ అంది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ టిక్. మళ్ళీ నిశ్శబ్దం. నొక్కరేం అని అడగబోయి పెదవి కొరుక్కుంది.

డాక్టరమ్మ కాగితం మీద నల్లగా పడిన చోట్లు చూపించింది. "నీటికాసులు. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుంది. పక్క చూపు ముందు పోతుంది, అందుకే మనిషికి త్వరగా తెలియదు. పోయింది తిరిగి రాదు. ఉన్నది కాపాడుకోవచ్చు, రోజూ మందు వేస్తే." సీసాను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "ఇందులో ఏముందో పరీక్ష చేస్తేగాని చెప్పలేను. ఇలాంటివాటిలో ఒత్తిడిని పెంచే మందే కలిసి ఉండటం చూశాం. ఎన్నాళ్ళ నుంచి వేస్తున్నారు?"

ఆయన చెప్పాడు. డాక్టరమ్మ రాసుకుంది.

ఆసుపత్రి నుంచి ఆయన తిన్నగా డిపోకి వెళ్ళాడు. ఆమె గేటు బయట నిలబడింది. నిన్నటి కాగితం మార్చి రాయమని మేనేజరుతో అన్నాడట. ఆ స్త్రీ తప్పు కాదు, నాకు కనబడలేదు అని. కళ్ళ సంగతి తెలిసి కూడా బస్సు నడిపినందుకు మేనేజరు మొదటిసారి ఆయన మీద గొంతు పెంచాడు. శిక్షగా కొన్నాళ్ళు సస్పెండ్ చేశారు. అది ముగిశాక బస్సులు కడిగేచోట పని చూడటానికి పెట్టారు. ఆ రోజు గేటు దాటి బయటికి వచ్చేటప్పుడు ఆయన యూనిఫాం టోపీ చేతిలో పట్టుకుని వచ్చాడు.

రొట్టెలు చేసే ఆయన్ని చూడటానికి వెళ్ళినప్పుడు ఆమెను రావద్దన్నాడు. తిరిగి వచ్చాక చెప్పాడు. "లోపలికి రమ్మన్నాడు. కుర్చీ వేశాడు. పిండి పిసికే చెయ్యి అదేనట, ఇక మునుపటిలా తిరగదట. నన్ను ఏమీ అనలేదు. ఇంకోసారి రావద్దని మాత్రం అన్నాడు."

తక్కెడకి అంతా తెలిశాక రెండు రోజులు అన్నం సయించలేదు. "నాతో అబద్ధం ఆడావేంటక్కా" అని ఒక్కసారే అన్నాడు. తర్వాత పనిముట్ల సంచీతో వచ్చి రౌటర్‌లో పెట్టింది తీసేశాడు.

"బావా, ఈసారి తూచడం నీ వంతు. ఏది కావాలో నువ్వు చెప్పు."

డ్రైవర్ కుర్చీని తెరకి ఎదురుగా జరుపుకున్నాడు. "నీ దగ్గరున్న వాటిలో, ఏం ఆపిందో నాకు చూపించేది ఏది?"

"ఎక్స్‌టెన్షనే. పైన గుర్తు నొక్కితే ఎవరెవరిని ఆపిందో చెప్తుంది. వద్దనుకుంటే తీసెయ్యొచ్చు కూడా."

"తీసెయ్యగలిగేదే పెట్టు. నా బ్రౌజర్‌లో వేరే, మీ అక్క బ్రౌజర్‌లో వేరే. దాని నమూనాల సైటుని మాత్రం ఆపకు."

"మరి తీసేసి, మళ్ళీ ఆ సీసాలు కొంటే?" అంది ఆమె గుమ్మంలోంచి.

తక్కెడ తల వంచుకుని తీగలు చుట్టసాగాడు. అలా అడిగినందుకు ఆయనకి కోపం వస్తుందనుకుంది. రాలేదు.

"కొంటానేమో. బుద్ధి పుడితే చెప్తాను" అన్నాడు. "నువ్వు అడుగుతూ ఉండు."

ఆ తర్వాత ఆమె అడుగుతూనే ఉంది. కొన్ని రోజులు ఆయన నెమ్మదిగా జవాబు చెప్పేవాడు, కొన్ని రోజులు విసుక్కునేవాడు. ఒకసారి, నిన్న సాయంత్రం ఆ పేజీ తెరిచి చాలాసేపు చూశాను, కొనలేదు అన్నాడు. ఆ రోజు ఇద్దరికీ నిద్ర పట్టలేదు. డాక్టరమ్మ ఇచ్చిన చుక్కలు పొద్దునా రాత్రీ అత్తగారే వేస్తుంది. "మీ నాన్నకి వెయ్యలేదు, నీకైనా వెయ్యనీ" అంటుంది. చుక్క పడి కళ్ళు మండుతుంటే ఆయన కదలకుండా, తల వెనక్కి వాల్చి, చిన్నపిల్లాడిలా కూర్చుంటాడు.

డిపోలో కడగడానికి వచ్చే బస్సులన్నీ ఆయన చేతి సైగ చూసే లోపలికి వస్తాయి. బస్సు తనకి ఎదురుగా వచ్చేలా మధ్యలో నిలబడటం నేర్చుకున్నాడు. పక్కనుంచి ఎవరైనా రావాలంటే ముందు పిలిచి రమ్మని అందరికీ చెప్పాడు. కుర్ర డ్రైవర్లు మొదట్లో నవ్వారు. ఇప్పుడు పిలిచే వస్తున్నారు.